పెరటి దవనము

మల్లె, జాజి, కనకాంబరము మొదలగు పూవుల పెంపకమును గూర్చి వ్రాయువారు పెక్కండ్రు గలరు. ఆ పూవులను మాల గట్టునపుడు నడుమనడుమ గూర్చెడి దవనమును గూర్చి పలుకువారు మాత్రము తక్కువ. దానికి కంటికింపగు పూవు లేదు. వెండిపొడి చల్లినట్లుండు సన్నని యాకే దాని సొమ్ము. మరువము, దవనము అని జంటగా జెప్పుకొనుట మనకు వాడుక. కాని యీ రెంటి స్వభావమును ఒకటి కాదు. మరువపు కొమ్మను గ్రుచ్చిన నాటుకొని, కుండలోనే యేండ్ల తరబడి బ్రదుకును. దవనము చలికాలమున మొలిచి, వేసవి ముదురకముందే పూచి, విత్తు గట్టి, యెండిపోవును. కావున దవనమును పెంచుట యనగా దాని విత్తును కాపాడుటయే యని మేము తలచుచున్నాము.

సంస్కృతమున దీనిని దమనకమందురు. వృక్షశాస్త్రజ్ఞులు పెట్టిన పేరు ఆర్టిమీసియా పాలెన్స్. వినాయకచవితి పత్రిలో జేరు మాచిపత్రియు, ఫ్రెంచివారు వంటలలో వాడు టారగాన్ అను మొక్కయు దీనికి జ్ఞాతులే. ఆ టారగాన్ మేలిరకము మొలకెత్తు విత్తును గట్టదు. ఒకరి పెరటినుండి వేరుపిలకను చీల్చి తెచ్చుకొన్ననే గాని మరొకరి పెరట నది యుండదు. అచ్చటి యిల్లాండ్రకు వేరుపిలక యెట్టిదో, మనకు దవనపు విత్తు అట్టిది.

విత్తుటకు ఆశ్వయుజ కార్తికములు మంచి కాలము. అక్టోబరు, నవంబరు నెలలలో చల్లిన విత్తు ఇంచుమించు నాలుగు నెలలలో, ఫిబ్రవరి మార్చి నాటికి పూతకు వచ్చును. చైత్రమున దేవాలయములందు జరుగు దమనోత్సవమునకు దవనము గావలసినవారు మార్గశిరమున మరికొంత చల్లుకొనవచ్చును. చలియు మంచును దీనికి హితవు. పెద్దవానయు, నీరు నిలుచు నేలయు గిట్టవు. ఇసుక గలసిన యెఱ్ఱమన్నులో బాగుగా మాగిన పశువుల యెరువును పొడిచేసి కలిపిన చాలును. పెరడు లేనివారు అడుగున రంధ్రమున్న వెడల్పాటి కుండీలలో, ఎండ తగులు మేడమీద పెంచుకొనవచ్చును.

దవనపు విత్తు ధూళివలె సన్ననిది. దానిని పలుచని గుడ్డలో మూటగట్టి రెండు దినములు నీట నాననిచ్చి, పిమ్మట తడిగుడ్డలోనే యుంచిన మొలక తల చూపును. అంతట పొడియిసుకతో గలిపి మడిపై సమముగా జల్లి, పైన మిక్కిలి పలుచగా ఇసుక రాల్పవలయును. లోతుగా కప్పిన విత్తు పైకి రాదు. చెంబుతో ధారగా పోసిన నీటికి విత్తంతయు ఒకమూలకు కొట్టుకొనిపోవును గావున చేతితో చిలుకరింపవలయును. నారు లేతగా నున్నపుడు తడి యెక్కువైనచో మొదలు కుళ్లి పడిపోవును. నాలుగు వారముల నారును సాయంకాలము పెరికి, వరుసకు వరుసకు నడుమ ఆరంగుళముల యెడముంచి నాటవలయును.

మొగ్గ తొడుగునాటికి దవనము జడలోనికి, మాలలోనికి అక్కరకు వచ్చును. మంచు ఆరిన పిదప, మొదట నాలుగంగుళములు విడిచి కోసినచో మరల చిగుర్చును. వాడినను దాని వాసన పోదు. ఎండిన రెమ్మలను బట్టలపెట్టెలో నుంచిన చీరలకును ఆ పరిమళమే పట్టును. దీని తైలమును విదేశములందలి సుగంధద్రవ్యములవారు కోరి కొందురు. అందులకై కర్ణాటకాంధ్ర తమిళ మహారాష్ట్ర ప్రాంతములందు రైతులు దీనిని పొలములలోనే పండించుచున్నారు.

ఇక ముఖ్యమైన మాట. మడిలోని మొక్కలన్నిటిని కోయరాదు. బలముగా నెదిగిన ఐదారింటిని విత్తునకై విడువవలయును. చిన్ని పసుపుపచ్చని పూవులు పూచి, ఇంచుమించు నెల గడచి గోధుమవన్నె తిరిగిన పిమ్మట ఉదయమున కోసి, గాలి తగులనిచోట నీడను గుడ్డపై ఆరవేసి, అరచేతులతో నలిపి జల్లింపవలయును. అప్పుడు నిట్టూర్పు విడిచినను విత్తు ఎగిరిపోవును! దానిని కాగితపు పొట్లమున గట్టి, మూత బిగువైన డబ్బీలో నుంచి, సంవత్సరము వ్రాయవలయును. ఈ విత్తునకు ఆయువు స్వల్పము. ఈ యేటి విత్తు వచ్చు కార్తికమునకే గాని, ఆపైన నమ్మదగినది కాదు. అంగడిలో కొనువారు అది యే సంవత్సరపు విత్తో అడిగి మఱి కొనవలయును.

మా యింటి విత్తు మా వీధిలోని యొక వృద్ధురాలు ఇచ్చినది. ఆమె పెరటిస్థలమున నేడు రెండంతస్తుల మేడ లేచినది. అచ్చట గడ్డిపోచయైనను లేదు. ఒక సంవత్సరము కార్తికమున తుఫాను వచ్చి మా మడియు మునిగిపోయెను. ఇంట నున్న విత్తంతయు అప్పటికే చల్లియుంటిమి. ఆ యేడు మేము విత్తు పంచిపెట్టిన మూడిండ్లలో నొకయింట ఇంకను చల్లని పొట్లము మిగిలియుండుటచేత, అందులోని చిటికెడే మాకు మరల దిక్కయ్యెను. అది రాకున్నచో ఆ వృద్ధురాలి చేతి దవనము మా యింట అంతటితో ముగిసియుండెడిది.

అందుచేత డబ్బీలోని విత్తులో సగము మాత్రమే మీ మడికి ఉంచుకొని, తక్కిన సగమును ఇరుగుపొరుగు రెండిండ్లకైనను పంచుడు. ఆడపిల్లను అత్తవారింటికి పంపునపుడు పసుపు కుంకుమలతో పాటు ఒక పొట్లము దవనపు విత్తును కూడ ఒడిలో నుంచుడు. ఏ యింట చేయి తప్పినను, మరొకయింట అది బ్రదికియుండును.