కుండీలోని దేవగన్నేరు మేలుకొను వేళ



మూసీనదిపై 1578వ సంవత్సరమున కుతుబ్‌షాహీల కాలమున కట్టబడిన పురానాపూల్ వంతెనకు కూతవేటు దూరమున, ఒక యిరుకు సందులో మా యిల్లు కలదు. ముంగిలియంతయు బండపరుపు. చెట్టు నాటుటకు జానెడు నేల లేదు. కావున మాకున్న యొక్క దేవగన్నేరును డాబామీద మట్టికుండీలో పెంచుచున్నాను. మా యిరుగుపొరుగు ఉర్దూవారు దీనిని గుల్‌చీన్ అందురు.

మా నాయనగారిది శ్రీశైలం జలాశయమున మునిగిపోయిన పల్లెలలో నొకటి. 1981లో ఊరు విడుచునాడు ఆయన గుడిముంగిటి దేవగన్నేరు నుండి మూరెడేసి కొమ్మలు రెండు కోసి, గోనెలో చుట్టి తెచ్చిరి. కోసినచోట పాలు కారుట మాని గాయమారు వఱకు వారము దినములు నీడనుంచి, పిమ్మట నాటిరి. రెండును బ్రతికినవి. పచ్చిగాయముతో నాటినచో కుళ్ళిపోయియుండును. తల్లిచెట్టు నీటిపాలైనది గనుక అట్టి కొమ్మ మరల దొరకదు.

ఈ చెట్టు పేరున దేవుడున్నను పుట్టినిల్లు మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతములు. అచ్చట కొన్ని నెలలపాటు వానచినుకుండదు. అందుచేత ఇది ఆకు రాల్చి, లావుపాటి కొమ్మలలో నీరు దాచుకొని ఊరకుండును. మన హైదరాబాదులోను మార్గశిరమున చలి ముదరగనే ఆకులు పసుపువారి రాలును. పుష్యమాసమునకు జింకకొమ్ములవలె మోడు మిగులును. అది రోగము కాదు. చచ్చినదని పెరికి పారవేసినవారిని నేనెఱుగుదును.

నా తప్పు వేఱు. నాలుగేండ్ల క్రిందట మాఘమాసమున ఒక చెట్టు కొనలు పచ్చబడుట చూచి, సంతోషము పట్టలేక ప్రతిదినము బిందెడు నీరు పోసితిని. మూడు వారములలో మొదలు మెత్తబడి నల్లనైనది. కుండీ బోర్లించి చూడగా వేళ్ళు కుళ్ళి కంపు కొట్టుచుండెను. నాయనగారు ఆ దినమంతయు నాతో మాటాడలేదు.

కారణము పిమ్మట తెలిసినది. వేళ్ళనుండి నీటిని పైకి లాగునవి ముఖ్యముగా ఆకులే. ఆకు లేనప్పుడు పోసిన నీరు కుండీలోనే నిలుచును. నేలలోని చెట్టుకైన అది నలుదిక్కులకు ఇంకిపోవును గాని కుండీలో దారి యేది? వేరునకు గాలియు కావలెను. మన్ను బురదయైనచో ఊపిరాడక కుళ్ళును.

కావున మోడును ముందు బొటనవ్రేలితో నొక్కి చూడవలెను. గట్టిగానున్న భయము లేదు. కొంచెము ముడుతపడినను నిదురయే. మెత్తబడి తడి ఊరినచో తెల్లని కండ కనబడి పాలు కారునంతవఱకు కోసివేయవలెను. ఆ పాలు కంటికి తగులరాదు. గట్టి కొమ్మల కొనలు మాత్రము ముట్టరాదు, పూగుత్తి కొననే పుట్టును.

ఫాల్గుణమున కొనలు ఉబ్బి మెఱయును. అప్పుడు వారమునకొక చెంబెడు నీరు చాలును. కుండీ మార్చుటకు ఇదియే అదను. ఎఱ్ఱమన్ను, ముతక యిసుక సమముగా, మాగిన పశువుల యెరువు కొంచెము కలిపి, అడుగురంధ్రముపై పెంకుముక్క నుంచవలెను. ఆకులు జానెడు పెరిగిన పిదప అడుగునుండి కారునట్లు నీరు పోసి, పైమన్ను రెండంగుళములు ఆరువఱకు మరల పోయకుండవలెను. నిదురించు చెట్టుకు ఎరువు వేయరాదు. నాలుగైదాకులు విచ్చిన పిమ్మట రెండు దోసిళ్ళు వేయవచ్చును. పచ్చిపేడ వేడి చేయును. నీడనున్న కుండీని ఒక్కసారిగా మండుటెండలో పెట్టిన బెరడు మాడును. వారము దినములు ప్రొద్దుటి యెండ మాత్రమే తగులనీయవలెను. మా డాబా వైశాఖమున పెనమువలె కాలును గాన, కుండీ క్రింద రెండిటుకలు పెట్టుదును.

వానకాలమున ఆకుల వెనుక నారింజరంగు పొడి కనబడిన ఆ యాకులు త్రెంచి కాల్చివేయుడు.

వేసవి ముఖమున శ్రీశైలం నీరు తగ్గి సంగమేశ్వరము గుడి బయటపడు దినములును, మా చెట్టు మేలుకొను దినములును ఇంచుమించుగా ఒక్కటే. అప్పుడు నాయనగారు ప్రతిదినము తెల్లవారగనే “కన్ను విప్పినదా?” యని యడుగుదురు. ఈ యేడు మూడు కొమ్మలకు వ్రేలెడాకులు వచ్చినవి. నాలుగవది యింకను మోడే. నొక్కి చూచితిని, గట్టిగానే యున్నది. కోయలేదు.