మీ సంఘం వెబ్‌సైట్‌లో గూగుల్‌కు కనబడే పేజీలెన్ని?



నానక్‌రామ్‌గూడకు కొత్తవారు వచ్చి దిగుతూనే ఉన్నారు. అమెజాన్ 2019లో ఇక్కడ తెరిచిన కార్యాలయ భవనం ఒక్కటే సుమారు 18 లక్షల చదరపు అడుగులు. గుంటూరు నుండో ఖమ్మం నుండో ఉద్యోగానికి వచ్చి హాస్టల్‌లో చేరిన యౌవనస్థులకు ఇక్కడ తెలిసిన సంఘం ఉండదు. శనివారం రాత్రి ఫోన్ తీసి "నానక్‌రామ్‌గూడ తెలుగు ఆరాధన" అని వెతుకుతారు. అందులో మీ సంఘం పేరు వస్తుందా? మనకు వెబ్‌సైట్ ఉంది కదా, వస్తుందిలే అని పెద్దలు అనుకుంటారు. వెబ్‌సైట్ ఉండడం వేరు, అది గూగుల్ పట్టికలోకి ఎక్కడం వేరు.

మన కీర్తనల పుస్తకంలో అకారాది పట్టిక ఉంటుంది కదా. పుస్తకంలో పాట ఉన్నా పట్టికలో దాని మొదటి మాట లేకపోతే ఆరాధన మధ్యలో ఎవరికీ దొరకదు. గూగుల్ పట్టిక కూడా అలాంటిదే. దాన్నే ఇండెక్స్ అంటారు. గూగుల్ యంత్రం ఒక లింకు నుండి ఇంకో లింకుకు వెళ్తూ పేజీలు చదువుతుంది. చదివినవాటిలో తనకు తగినవనిపించినవే పట్టికలో రాసుకుంటుంది. అన్నీ రాసుకుంటానని అది ఎవరికీ మాట ఇవ్వలేదు.

చూసుకోవడం కష్టం కాదు. గూగుల్‌లో సైట్ అనే మాటను ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి, పక్కనే కోలన్ పెట్టి, ఖాళీ విడవకుండా మీ వెబ్‌సైట్ చిరునామా రాయండి. పట్టికలో ఉన్న మీ పేజీలు కొన్ని వస్తాయి. ఇది పైపై పరీక్షే, లెక్కకు పనికిరాదు. సరైన లెక్క కావాలంటే గూగుల్ సర్చ్ కన్సోల్ అనే ఉచిత సాధనం ఉంది. 2015 వరకు దాని పేరు వెబ్‌మాస్టర్ టూల్స్. వెబ్‌సైట్ మీదేనని ఒకసారి రుజువు చేస్తే, ఏ పేజీలు పట్టికలో ఉన్నాయో, ఏవి లేవో, ఎందుకు లేవో చూపిస్తుంది. "కనుగొన్నాం, ఇంకా ఇండెక్స్ చేయలేదు" అంటే చిరునామా తెలిసింది గాని పేజీ ఇంకా చదవలేదని. "చదివాం, ఇండెక్స్ చేయలేదు" అంటే చదివి కూడా పక్కన పెట్టిందని. వర్డ్‌ప్రెస్‌తో కట్టిన సైట్లలో ఇంకొకటి చూడాలి. సర్చ్ ఇంజిన్లు రావద్దని చెప్పే చిన్న టిక్ పెట్టె ఒకటి సెట్టింగులలో ఉంటుంది. సైట్ కట్టేటప్పుడు పెట్టిన టిక్ తీయడం మరచిపోతే సంఘమంతా ఎదురుచూసినా ఒక్క పేజీ కూడా కనబడదు.

తెలుగువారికి ఇంకో చిక్కుంది. పాత పత్రికలు, కరపత్రాలు చాలావరకు అను ఫాంట్లలో కొట్టినవి. పీడీఎఫ్‌లో మన కంటికి తెలుగే కనబడుతుంది, యంత్రానికి మాత్రం అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు అందుతాయి. అలాంటి పేజీ పట్టికకు ఎక్కినా తెలుగులో వెతికినవారికి దొరకదు. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుండే చోటుంది. పాత సంచికలన్నీ మార్చలేకపోతే కనీసం శీర్షిక, నాలుగు వాక్యాల సారాంశమైనా యూనికోడ్‌లో కొట్టి పక్కన పెట్టండి.

ఇప్పటివరకు కనబడవలసినవాటి సంగతి. కనబడకూడనివి కనబడడం ఇంకా పెద్ద సమస్య అని మేము అనుకుంటున్నాం. ఒక సహోదరి భర్త తాగుడు గురించి రాసిన ప్రార్థన మనవి, ఒకరి రోగం పేరు, సభ్యుల ఫోన్ నంబర్ల జాబితా. ఇవి సంఘం లోపలివారిని నమ్మి ఇచ్చినవి. సైట్‌లో ఏదో మూలన పెట్టినా గూగుల్ చదివిందంటే, ఆమె పేరు కొట్టి చూసిన పొరుగువారికి, రేపు సంబంధం చూడవచ్చినవారికి కూడా కనబడతాయి. రోబోట్స్ ఫైల్‌లో అడ్డు పెట్టాం కదా అంటే చాలదు. ఆ అడ్డు చదవడాన్ని ఆపుతుంది గాని ఎక్కిన చిరునామాను పట్టిక నుండి తీసివేయదు. సర్చ్ కన్సోల్‌లో తొలగింపు కోరితే సుమారు ఆరు నెలలే దాస్తుంది. ఆ లోపు పేజీని తీసివేయాలి, లేదా పాస్‌వర్డ్ వెనుక పెట్టాలి.

పట్టికలో మీరు రాయని పేజీలు కనబడినా ఆశ్చర్యపోకండి. పాతబడిన సైట్‌లోకి దొంగలు చొరబడి జూదం, నకిలీ సరుకుల పేజీలు చేర్చడం ప్రపంచమంతటా జరుగుతున్నదే. సంఘం పేరు కింద జూదం ప్రకటనలు వస్తే వెంటనే సైట్ చూసేవారికి చెప్పి, పాస్‌వర్డ్లన్నీ మార్పించండి.

నెలకొకసారి పావుగంట చాలు. అయితే సర్చ్ కన్సోల్ తాళంచెవి సాధారణంగా సైట్ కట్టిన యౌవనస్థుడి మెయిల్‌లోనే ఉంటుంది. అతనికి డల్లాస్‌లో ఉద్యోగం వచ్చి విమానం ఎక్కకముందే, సంఘం మెయిల్‌ను కూడా యజమానిగా చేర్పించండి.