పాత బాయిలర్ స్థానంలో కొత్తది: ఏది? ఎక్కడ?

గౌతమి మీదుగా వచ్చే తెల్లవారుజాము చలిగాలి ఎరిగినవారికి రావులపాలెంలో డిసెంబరు నెల ఎట్లా ఉంటుందో చెప్పనక్కరలేదు. చలిదేశాలలో ఒక్క బాయిలరే ఇంటి గదులన్నిటినీ వెచ్చచేస్తుంది, కుళాయికి వేడినీళ్ళూ ఇస్తుంది. మనకు గదులు వెచ్చచేసుకునే పని లేదు. మన ఇళ్ళలో బాయిలర్ అంటే స్నానానికి నీళ్ళు కాచేదే. అది పాడైపోయినప్పుడు దాని స్థానంలో ఏది కొనాలి, కొన్నది ఎక్కడ పెట్టాలి? చిన్న ప్రశ్నలాగే కనబడుతుంది. మా ఇంట్లో మాత్రం ఆ ప్రశ్నకు తొందరపడి ఇచ్చిన జవాబు ఒక ప్రాణం మీదికి వచ్చింది. మరొక ఇంట్లో అట్లా జరగకూడదని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

మా మావయ్యగారి కాలంనాటి రాగి బాయిలర్ మా దొడ్లో నూతి పక్కన ఉండేది. మధ్యలో నిలువుగా గొట్టం, చుట్టూ నీళ్ళు, అడుగున ఇనుప జల్లెడ, పక్కన కుళాయి. కొబ్బరి డొక్కలు, చిప్పలు, ఎండిన మట్టలు మా దొడ్లో దొరికేవే గనుక వంటచెరకు కొనే పని లేదు. తెల్లవారుజామున నాలుగింటికే అత్తయ్యగారు లేచి నిప్పు రాజేస్తే, అందరి స్నానాలూ అయ్యేదాకా నీళ్ళు సలసల కాగుతూనే ఉండేవి.

2019 వర్షాకాలంలో దాని అడుగు చిల్లిపడింది. రెండుసార్లు మాటు వేయించాం. మూడోసారి, “ఇక మాటు నిలవదమ్మా, అడుగు మొత్తం మార్చాలి” అన్నాడు పనివాడు. ఆ ఖర్చేదో కొత్తదానికే పెట్టవచ్చు గదా అనుకున్నాం. ఎవరో చెప్పారని గ్యాస్ గీజరు కొన్నాం. కుళాయి తిప్పగానే వేడినీళ్ళు, కరెంటు బిల్లు భయం లేదు, పొగ లేదు, మసి లేదు. బిగించడానికి వచ్చిన కుర్రవాడు స్నానాల గదిలో ఖాళీగా ఉన్న గోడ చూపించి, “ఇక్కడైతే బాగుంటుందండి” అన్నాడు. సరేనన్నాం. గదిలో ఉన్న ఒకే ఒక్క వెంటిలేటరుకు దోమలు రాకుండా అంతకుముందే అట్ట బిగించి ఉన్నాం. దాని సంగతి అతడు అడగలేదు, మాకూ తోచలేదు.

డిసెంబరులో ఒక ఆదివారం ఉదయం, ఇంటర్మీడియట్ చదువుతున్న మా అమ్మాయి తలస్నానానికి వెళ్ళింది. ఎంతసేపటికీ రాలేదు. “ఏమే బుజ్జీ, ఇంకా అవలేదా?” అని అత్తయ్యగారు రెండుసార్లు పిలిచారు. జవాబు లేదు. నీళ్ళు పడుతున్న చప్పుడు మాత్రం వినబడుతూనే ఉంది. ఆ చప్పుడు విని మేము నిమ్మళంగా ఉన్నాం, ఆవిడ ఉండలేదు. “తలుపు పగలగొట్టరా” అని మావారిని కేక వేశారు. తలుపు తీసేసరికి పిల్ల నేలమీద పడి ఉంది. వరండాలోకి మోసుకువచ్చి పడుకోబెట్టి 108కి ఫోను చేశాం. ఆసుపత్రిలో డాక్టరుగారు అడిగిన మొదటి ప్రశ్న, “మీ ఇంట్లో గ్యాస్ గీజరు ఉందా? ఎక్కడ పెట్టారు?” అని. వెంటనే ఆక్సిజన్ పెట్టారు. రెండో రోజుకు పిల్ల క్షేమంగా ఇంటికి వచ్చింది.

ఆ సాయంత్రం అత్తయ్యగారు అన్న మాట నేనెన్నడూ మరువలేను. “నా బాయిలర్‌కి పొగ కనబడేది గనుక దొడ్లో పెట్టుకున్నాం. దీనికి పొగ కనబడలేదని గదిలోకి తెచ్చుకున్నాం.”

కనబడని పొగ

ఏ గ్యాసు మండాలన్నా గాలి కావాలి. ఒక వంతు వంటగ్యాసు పూర్తిగా మండడానికి దాదాపు ఇరవై అయిదు నుండి ముప్ఫై వంతుల గాలి అవసరం. తలుపులు మూసిన చిన్న గదిలో గీజరు మండుతుంటే అక్కడి ప్రాణవాయువు తరిగిపోతుంది. అప్పుడు గ్యాసు సగం సగంగా మండి కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. వంటగ్యాసు లీకయితే ముక్కుకు తెలియడానికి అందులో వాసన కలుపుతారు. ఈ విషవాయువుకు అటువంటి హెచ్చరిక ఏదీ లేదు. మన రక్తంలోని హిమోగ్లోబిన్ ప్రాణవాయువు కంటె రెండువందల రెట్లకు పైగా గట్టిగా దీనిని పట్టుకుంటుంది. ముందు తలనొప్పి, కళ్ళు తిరగడం, వికారం; ఆ తరువాత స్పృహ తప్పడం. ప్రమాదం తెలిసేసరికి తలుపు గడియ తీసే శక్తి కూడా ఉండదు.

స్నానాల గదిలో ఇట్లా పడిపోయినవారిని మూర్ఛరోగులని పొరబడిన సందర్భాలూ ఉన్నాయి. మన దేశపు వైద్యులు దీనిని “గ్యాస్ గీజర్ సిండ్రోమ్” అనే పేరుతోనే వైద్య పత్రికలలో వర్ణించారు. ఇంకొక సంగతి: కోవిడ్ రోజులలో మనమందరం కొనుక్కున్న, వేలికి తగిలించే ఆక్సీమీటరు ఈ విషాన్ని పట్టుకోలేదు, మనిషి ప్రమాదంలో ఉన్నా మామూలు అంకెనే చూపవచ్చు. దానిని నమ్మి ఆలస్యం చేయకండి. మనిషిని బయటి గాలిలోకి తేవడం, గ్యాసు కట్టేయడం, 108కి ఫోను చేయడం, డాక్టరుకు గీజరు సంగతి చెప్పడం, ఇవే చేయవలసిన పనులు.

ఈ లోపం కొత్తదేమీ కాదు. 1868లో లండన్‌లో బెంజమిన్ వాడీ మాగన్ అనే ఆయన గ్యాసుతో నీళ్ళు కాచే యంత్రం తయారుచేసి, ఐస్‌లాండ్‌లోని వేడినీటి ఊట పేరుమీద దానికి “గీజర్” అని పేరు పెట్టాడు. పొగ బయటికి పోయే గొట్టం దానికి లేదు. ఆ గొట్టం మా అత్తయ్యగారి రాగి బాయిలర్‌కు మాత్రం ఉంది!

ముందు లెక్క చూసుకోండి

దుకాణానికి వెళ్ళకముందే ఇంట్లో ఎంతమంది, ఏ వేళ స్నానం చేస్తారో చూసుకోవాలి. చలికాలంలో మేడమీది ట్యాంకు నీళ్ళు 22 డిగ్రీలు ఉన్నాయనుకుందాం. ఇరవై లీటర్ల బకెట్టు నీళ్ళను స్నానానికి తగినట్లు 40 డిగ్రీలకు కాచడానికి సుమారు 0.42 యూనిట్ల కరెంటు పడుతుంది. అయిదుగురికి అయిదు బకెట్లయితే, వృథాతో కలిపి రోజుకు రెండున్నర యూనిట్లు. గ్యాసయితే బకెట్టుకు సుమారు 40 గ్రాములు.

కరెంటు గీజరులో 15 లీటర్ల నీళ్ళను 60 డిగ్రీలకు కాచి చన్నీళ్ళు కలుపుకుంటే దాదాపు 32 లీటర్లు, అంటే ఒకటిన్నర బకెట్లు వస్తాయి. 25 లీటర్లదయితే రెండున్నర బకెట్లు దాటి వస్తాయి. 15 లీటర్ల గీజరు రెండు కిలోవాట్లదయితే మళ్ళీ కాగడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. ఒకరి తరువాత ఒకరు నిదానంగా చేసే ఇంటికి 15 లీటర్లది చాలు. అందరూ ఒకేసారి ఆఫీసులకూ బడులకూ పరుగెత్తే ఇంటికి 25 లీటర్లది మేలు.

కరెంటు గీజరు పెట్టేచోట

ఐ.ఎస్.ఐ. గుర్తు, నక్షత్రాల గుర్తు చూసి కొనండి. కాచిన నీళ్ళు ట్యాంకులో నిలవ ఉండగా ఎంత వేడి వృథా అవుతుందో ఆ నక్షత్రాలు చెబుతాయి. ఎక్కువ నక్షత్రాలుంటే తక్కువ వృథా. బోరు నీళ్ళు ఉప్పగానో గట్టిగానో ఉన్న ఊళ్ళలో ట్యాంకు లోపలి పూతను, మెగ్నీషియం కడ్డీని గురించి అడగండి. ఆ కడ్డీ తాను అరిగిపోయి ట్యాంకును తుప్పు నుండి కాపాడుతుంది. అరిగినప్పుడు మార్పించకపోతే తరువాతి వంతు ట్యాంకుదే.

గీజరును ఇటుక గోడకే బిగించాలి. 25 లీటర్లదయితే నీటి బరువే 25 కిలోలు. షవరు నీళ్ళు పడని పక్కన, మనిషి తలకంటె ఎత్తులో, విప్పి బాగుచేయడానికి చెయ్యి పట్టే సందు వదిలి పెట్టండి. కుళాయికి దగ్గరగా ఉండాలి. అరంగుళం గొట్టం పది మీటర్ల పొడవుంటే, కుళాయి తిప్పిన ప్రతిసారీ దాదాపు లీటరున్నర చల్లబడిన నీళ్ళు ముందు వృథాగా పోతాయి. వేడినీళ్ళ గొట్టాలు సీపీవీసీవి వేయించండి, మామూలు పీవీసీ వేడికి మెత్తబడుతుంది.

రెండు కిలోవాట్ల గీజరు దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. కాబట్టి దానికి విడిగా తీగ, 16 ఆంపియర్ల సాకెట్టు, స్విచ్చి గది బయట, సరియైన ఎర్తింగు, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి. సేఫ్టీ వాల్వు నుండి నీటిచుక్కలు పడుతున్నాయని దానికి బిరడా కొట్టకండి. లోపలి ఒత్తిడి పోయే దారి అదొక్కటే.

సోలారు, కొబ్బరి నీడ

సొంత మేడ ఉన్నవారు సోలారు గీజరు ఆలోచించవచ్చు. ముగ్గురు నలుగురికి 100 లీటర్లది సరిపోతుంది. దాని ముఖం దక్షిణానికి ఉండాలి; చన్నీళ్ళ ట్యాంకు దానికంటె ఎత్తులో ఉండాలి. మన ఊళ్ళలో అసలు చిక్కు కొబ్బరిచెట్ల నీడ. వేసవిలో మేడంతా ఎండే కనబడుతుంది, అది చూసి చోటు నిర్ణయించకండి. డిసెంబరులో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణానికి వాలి, 50 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. దక్షిణం వైపు చెట్టు మీ మేడకంటె ఎంత ఎత్తు ఉంటే, మధ్యాహ్నవేళే దాదాపు అంత దూరం నీడ పరుచుకుంటుంది. ఉదయం సాయంత్రం ఇంకా ఎక్కువ. వేడినీళ్ళు కావలసింది చలికాలంలోనే గదా!

1996 నవంబరు 6న కోనసీమ కొబ్బరితోటలను కూల్చిన తుపానును మన ప్రాంతపు పెద్దలెవరూ మరచిపోలేదు. కాబట్టి సోలారు స్టాండును స్లాబులోకి బోల్టులతో బిగించండి, ఊరికే ఇటుకలు పేర్చి నిలబెట్టవద్దు. మబ్బు రోజులకు కరెంటు సాయం ఎటూ ఉండాలి.

గ్యాసు, రాడ్డు

గ్యాస్ గీజరే పెట్టవలసి వస్తే దానిని స్నానాల గది బయట, గాలి ఆడే చోట, వాన పడని చూరు కింద పెట్టించండి. వేడినీళ్ళు మాత్రమే గొట్టం గుండా లోపలికి రావాలి. సిలిండరు గుంటలోనో మూలనో ఉండరాదు. ఈ గ్యాసు గాలికంటె బరువు, లీకయితే నేలబారున నిలిచిపోతుంది. ఇప్పటికే లోపల ఉన్నదానిని, ఇన్నాళ్ళూ ఏమీ కాలేదు గదా అని వదిలేయకండి. మాకూ అప్పటివరకు ఏమీ కాలేదు.

అద్దె ఇళ్ళలో ఉన్నవారికి బకెట్టులో వేసే రాడ్డే దిక్కు. ప్లాస్టిక్ బకెట్టులోనే వాడండి, పిల్లలకు అందని చోట పెట్టండి, ప్లగ్గు ఊడదీయకుండా నీళ్ళలో వేలు పెట్టి చూడవద్దు.

మేము చేసినది

మేము గ్యాస్ గీజరును మళ్ళీ బిగించలేదు. స్నానాల గదిలో 25 లీటర్ల కరెంటు గీజరు పెట్టించాం, స్విచ్చి బయట ఉంది. వెంటిలేటరు అట్ట తీసి దోమల జాలీ వేయించాం. రాగి బాయిలర్‌ను పాత సామాన్ల కొట్టుకు వేయలేదు. అడుగు మార్పించి, దాని పాత చోటనే, దొడ్లో నూతి పక్కన నిలబెట్టాం. తుపాను వచ్చి కరెంటు పోయిన రోజులలో ఇంటిల్లిపాదికీ అదే దిక్కు.

కొత్త ఇల్లు కట్టేవాడు ఎవరూ పడిపోకుండా మేడకు పిట్టగోడ కట్టాలనీ, లేకపోతే ఆ రక్తాపరాధం ఇంటిమీదికి వస్తుందనీ ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో ఒక కట్టడ ఉంది. అప్పటి ఇళ్ళకు పిట్టగోడ ఎట్లాంటిదో, మన ఇళ్ళకు వెంటిలేటరు, ఎర్తింగు అట్లాంటివి. ఈ పత్రిక ప్రక్కన పెట్టి, ఒక్కసారి మీ స్నానాల గదిలోకి వెళ్ళి చూడండి. నీళ్ళు కాచేది ఎక్కడ ఉంది? గాలి ఎక్కడ నుండి వస్తుంది? లోపల ఉన్నవారు పలకకపోతే పిలిచేవారు ఇంట్లో ఎవరు?