శిశుప్రక్రియ కోసం జనకప్రక్రియ నిరీక్షణ: యునిక్స్ ‘వెయిట్’ సిస్టమ్ కాల్ - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఒక ప్రక్రియ మరొక ప్రక్రియను సృష్టించి, అది ముగిసేవరకు ఆగడాన్ని బోధనలో ఎక్కువగా కాలక్రమ నియంత్రణగానే వివరిస్తుంటాం. ‘ముందు శిశుప్రక్రియ, తరువాత జనకప్రక్రియ’ అన్న క్రమం కోసమే ‘వెయిట్’ ఉన్నదని విద్యార్థులు భావిస్తారు. ఈ నిరీక్షణలో ఆగడం ఒక భాగం మాత్రమేననీ, శిశుప్రక్రియ ఎలా ముగిసిందో తెలిపే సమాచారాన్ని స్వీకరించి దాని నమోదును రద్దు చేయడమే అసలు ప్రయోజనమనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. యునిక్స్ చరిత్ర, ముగింపు స్థితి నిర్మాణం, జాంబీ ప్రక్రియలు, అనాథ ప్రక్రియల దత్తత అనే అంశాల ఆధారంగా ఈ ప్రతిపాదనను వివరించడం వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: ఆపరేటింగ్ సిస్టమ్, యునిక్స్, లినక్స్, జనకప్రక్రియ, శిశుప్రక్రియ, ఫోర్క్, వెయిట్, ముగింపు స్థితి, జాంబీ ప్రక్రియ.

1. ఉపోద్ఘాతం:

‘ప్రక్రియ’ అన్న మాట సాహిత్య విద్యార్థికి కథ, నవల, శతకం వంటి రచనారూపాలను స్ఫురింపజేస్తుంది. కంప్యూటర్ శాస్త్రంలో దాని అర్థం వేరు. డిస్కులో భద్రమై ఉన్న ఆదేశాల సముదాయం ప్రోగ్రామ్. అదే ప్రోగ్రామ్ మెమరీలోకి చేరి, తనకంటూ ఒక గుర్తింపు సంఖ్యను పొంది, నడుస్తున్న స్థితిలో ఉన్నప్పుడు ప్రక్రియ అవుతుంది. యునిక్స్ కుటుంబానికి చెందిన వ్యవస్థలలో ఒక ప్రక్రియ ‘ఫోర్క్’ అనే సిస్టమ్ కాల్ ద్వారా తన ప్రతిరూపాన్ని సృష్టించుకుంటుంది. సృష్టించినది జనకప్రక్రియ, సృష్టి పొందినది శిశుప్రక్రియ. ఆ క్షణం నుండి రెండూ స్వతంత్రంగా నడుస్తాయి. వాటిలో ఏది ముందు నడుస్తుందన్న హామీ ఏదీ ఉండదు.

ప్రయోగశాలలో విద్యార్థులు సాధారణంగా రాసే ప్రోగ్రామ్ ఒకటుంది. శిశుప్రక్రియ ఒక వాక్యాన్ని ముద్రిస్తుంది, జనకప్రక్రియ ‘వెయిట్’ను పిలిచి, తరువాత మరొక వాక్యాన్ని ముద్రిస్తుంది. ‘వెయిట్ ఎందుకు?’ అని ప్రశ్నిస్తే ‘వరుస తప్పకుండా ఉండటానికి’ అన్న సమాధానం వస్తుంది. ఈ సమాధానం తప్పు కాదు, కానీ అసంపూర్ణం. వరుస అవసరమే లేని ప్రోగ్రామ్‌లోనూ ‘వెయిట్’ అవసరం ఎందుకు తప్పదో ఆ సమాధానం చెప్పలేదు.

2. చారిత్రక నేపథ్యం:

ఒక పని రెండుగా చీలి, మళ్లీ ఒకచోట కలవడం అన్న భావనను మెల్విన్ కాన్వే 1963లో బహుళ ప్రాసెసర్ల వ్యవస్థ గురించి రాసిన పత్రంలో ప్రతిపాదించారు. ‘ఫోర్క్’, ‘జాయిన్’ అన్న పేర్లు అందులోనివే. బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ 1969లో పీడీపీ-7 యంత్రంపై యునిక్స్ నిర్మాణాన్ని ఆరంభించారు. ఆ యంత్రంలో ఫోర్క్‌ను అమలు చేయడానికి 27 పంక్తుల అసెంబ్లీ కోడ్ సరిపోయిందని రిచీ తరువాతి కాలంలో రాశారు.

ఆ తొలి వ్యవస్థలో ‘వెయిట్’ లేదు. ప్రక్రియల మధ్య సందేశాలను పంపే సౌకర్యం మాత్రం ఉండేది. వినియోగదారు ఆదేశాలను స్వీకరించే షెల్, ఒక ఆదేశం కోసం కొత్త ప్రక్రియను సృష్టించిన వెంటనే దానికొక సందేశాన్ని పంపి ఆగిపోయేది. ఆ సందేశాన్ని ఎవరూ చదవరు. శిశుప్రక్రియ ముగియగానే ‘మీరు సందేశం పంపిన ప్రక్రియ లేదు’ అన్న దోషసూచనతో షెల్ మేల్కొనేది. అంటే, చేరని ఉత్తరం తిరిగి రావడమే ముగింపుకు సంకేతం. రిచీ ఈ పద్ధతిలోని లోపాన్నీ వివరించారు. శిశుప్రక్రియ తన అవసరం కోసం సందేశాన్ని చదవడానికి ప్రయత్నిస్తే, షెల్ పంపిన ఉత్తుత్తి సందేశం దానికి అందేది. ఆదేశం ముగియకుండానే ముగిసిందని షెల్ భ్రమించి తరువాతి పంక్తిని చదివేది.

ఈ నేపథ్యంలో సందేశాల సౌకర్యాన్ని తొలగించి, దానికంటే పరిమితమైనదే అయినా ఆశించిన ప్రయోజనానికి నేరుగా సరిపోయే ‘వెయిట్’ను ప్రవేశపెట్టారు. 1971 నవంబరులో వెలువడిన యునిక్స్ తొలి మాన్యువల్ నాటికే ఫోర్క్, వెయిట్ రెండూ అందులో చోటు చేసుకున్నాయి. ‘ముగిసింది’ అన్న వార్త ఊహ మీద కాక, కెర్నల్ ఇచ్చే ధ్రువీకరణ మీద ఆధారపడాలన్నది ఈ మార్పులోని సారాంశం.

3. ‘వెయిట్’ పనితీరు:

జనకప్రక్రియ ‘వెయిట్’ను పిలిచినప్పుడు మూడు సందర్భాలు ఏర్పడతాయి.

మొదటిది: శిశుప్రక్రియలన్నీ ఇంకా నడుస్తున్నాయి. అప్పుడు కెర్నల్ జనకప్రక్రియను నిద్రాస్థితిలో ఉంచుతుంది. ఈ స్థితిలో అది ప్రాసెసర్ కాలాన్ని వినియోగించుకోదు. ‘అయిందా, అయిందా’ అని పదేపదే తనిఖీ చేసే వలయానికీ దీనికీ ఉన్న ముఖ్యమైన భేదం ఇదే.

రెండవది: ఒక శిశుప్రక్రియ అప్పటికే ముగిసిపోయింది. అప్పుడు ఏమాత్రం ఆగకుండా ఆ ప్రక్రియ గుర్తింపు సంఖ్య, దాని ముగింపు స్థితి వెంటనే లభిస్తాయి. ‘వెయిట్’ అన్న పేరు ఉన్నా ఇక్కడ నిరీక్షణే లేదు. జరిగేది స్వీకరణ మాత్రమే.

మూడవది: జనకప్రక్రియకు శిశుప్రక్రియలే లేవు. అప్పుడు -1 విలువ, దానితో పాటు ‘ఈచైల్డ్’ అన్న దోషసూచన వస్తాయి.

‘వెయిట్’ ముందుగా ముగిసిన ఏ శిశుప్రక్రియనైనా స్వీకరిస్తుంది. ఫలానా ప్రక్రియ కోసమే ఆగాలంటే ‘వెయిట్‌పిడ్’ను వాడాలి. దానికి ధనసంఖ్యను ఇస్తే ఆ గుర్తింపు గల శిశుప్రక్రియ కోసం, -1 ఇస్తే ఏ శిశుప్రక్రియ కోసమైనా, 0 ఇస్తే తన ప్రక్రియాసమూహంలోని శిశుప్రక్రియ కోసం ఆగుతుంది. ‘డబ్ల్యూ నోహ్యాంగ్’ అన్న ఎంపికను జోడిస్తే, ఇంకా ఎవరూ ముగియని పక్షంలో ఆగకుండా 0తో తిరిగి వస్తుంది.

4. ముగింపు స్థితి - దానిని చదివే విధానం:

శిశుప్రక్రియ రెండు మార్గాలలో ముగియవచ్చు. తనంతట తాను ‘ఎగ్జిట్’ను పిలిచి ఒక సంఖ్యను వదిలి వెళ్లడం ఒకటి. సిగ్నల్ కారణంగా అర్ధాంతరంగా నిలిచిపోవడం రెండవది. ఈ రెండింటికీ సంబంధించిన సమాచారం ఒకే పూర్ణాంకంలో ఇమిడి వస్తుంది. లినక్స్‌లో ఎగ్జిట్ సంఖ్య 8వ బిట్ నుండి 15వ బిట్ వరకు, సిగ్నల్ సంఖ్య దిగువ 7 బిట్లలో ఉంటాయి.

ఈ నిర్మాణాన్ని గమనించకపోతే కలిగే నష్టాన్ని ఒక ఊహాత్మక ఉదాహరణతో వివరించవచ్చు. విద్యార్థుల ప్రోగ్రామ్‌లను ఒక్కొక్కటిగా నడిపి మార్కులు వేసే ఒక మూల్యాంకన ప్రోగ్రామ్ ఉందనుకుందాం. ఒక విద్యార్థి ప్రోగ్రామ్ తనది కాని మెమరీ చిరునామాను తాకి, 11వ సిగ్నల్‌తో కూలిపోయింది. మూల్యాంకన ప్రోగ్రామ్ సహజంగా ముగిసిందా లేదా అన్నది పరీక్షించకుండా, ‘డబ్ల్యూ ఎగ్జిట్ స్టేటస్’తో ఎగ్జిట్ సంఖ్యను మాత్రమే చదివింది. సిగ్నల్ వల్ల ముగిసినప్పుడు ఆ స్థానంలోని బిట్లన్నీ సున్నాలే కనుక లభించే విలువ 0. యునిక్స్ సంప్రదాయంలో 0 అంటే విజయం. కూలిపోయిన ప్రోగ్రామ్ ఉత్తీర్ణమైనట్లు నమోదవుతుంది. అందువల్ల ముందుగా ‘డబ్ల్యూ ఇఫ్ ఎగ్జిటెడ్’తో ముగిసిన తీరును నిర్ధారించుకొని, ఆ తరువాతే సంఖ్యను చదవాలి.

ఎగ్జిట్ సంఖ్యలో 8 బిట్లు మాత్రమే జనకప్రక్రియకు చేరతాయన్నది మరొక అంశం. దోషాల సంఖ్యనే ఎగ్జిట్ సంఖ్యగా పంపే ప్రోగ్రామ్‌లో సరిగ్గా 256 దోషాలు ఉంటే జనకప్రక్రియకు కనిపించేది 0. ‘వెయిట్’కు శూన్యసూచికను ఇచ్చి స్థితిని పూర్తిగా విస్మరించే ప్రయోగశాల అలవాటు ఈ రెండు ప్రమాదాలనూ విద్యార్థి దృష్టికి రానీయదు. బ్యాష్ వంటి షెల్‌లు సిగ్నల్ ముగింపును 128కి సిగ్నల్ సంఖ్యను కలిపి చూపుతాయి. 9వ సిగ్నల్‌తో ఆగిన ఆదేశానికి 137, 11వ సిగ్నల్‌తో కూలినదానికి 139 కనిపించడానికి కారణం ఇదే.

5. జాంబీ ప్రక్రియ - ఆవశ్యకత, అనర్థం:

శిశుప్రక్రియ ముగియగానే దాని మెమరీ, తెరిచి ఉంచిన ఫైళ్లు విడుదలవుతాయి. అయితే గుర్తింపు సంఖ్య, ముగింపు స్థితి, వినియోగించిన ప్రాసెసర్ కాలం వంటి స్వల్ప వివరాలు కెర్నల్ వద్ద నిలిచి ఉంటాయి. జనకప్రక్రియ స్వీకరించేవరకు ఉండే ఈ స్థితినే జాంబీ అంటారు. ప్రక్రియల పట్టికలో ‘జెడ్’ అక్షరంతో ఇది కనిపిస్తుంది. ఇప్పటికే మరణించినది కనుక దీనిపై ఏ సిగ్నల్ ప్రయోగించినా ఫలితం ఉండదు.

దీనిని లోపంగా భావించడం సరికాదు. పరీక్ష రాసిన విద్యార్థి హాలు విడిచి వెళ్లాక అతని బల్ల ఖాళీ అవుతుంది. కానీ జవాబుపత్రం లెక్కకు చేరేవరకు అతని హాల్‌టికెట్ సంఖ్యను వేరొకరికి ఇవ్వరు. ఇక్కడా అంతే. జనకప్రక్రియ స్వీకరించకముందే ఆ గుర్తింపు సంఖ్య కొత్త ప్రక్రియకు దక్కితే, పాత శిశుప్రక్రియకు ఉద్దేశించిన సిగ్నల్ సంబంధం లేని ప్రక్రియను చేరుతుంది. జాంబీ స్థితి ఈ పొరపాటును నివారిస్తుంది. స్వీకరణ పూర్తయ్యాక ఆ సంఖ్యపై జనకప్రక్రియకు హక్కు ఉండదు.

అనర్థం స్వీకరణ జరగనప్పుడే కలుగుతుంది. లినక్స్‌లో గుర్తింపు సంఖ్యల అప్రమేయ పరిమితి చాలాకాలం 32,768గా ఉంది. 64 బిట్ యంత్రాలలో దీనిని 41,94,304 వరకు పెంచుకోవచ్చు. సెకనుకు ఒక శిశుప్రక్రియను సృష్టిస్తూ, ఒక్కదానినీ స్వీకరించని సర్వర్ ప్రోగ్రామ్ 32,768 సంఖ్యలను సుమారు 9 గంటలలో హరించివేస్తుంది. ఒక వినియోగదారుకు విధించిన ప్రక్రియల పరిమితి ఇంకా ముందే అడ్డుపడవచ్చు. అప్పటినుండి ఫోర్క్ విఫలమవుతుంది, చిన్న ఆదేశాన్ని కూడా నడపడం సాధ్యం కాదు. ఈ సర్వర్‌లో ‘వరుస’ అవసరమే లేదు, అయినా ‘వెయిట్’ తప్పనిసరి. ఉపోద్ఘాతంలోని ప్రశ్నకు సమాధానం ఇదే.

విండోస్ ఇదే సమస్యను మరొక విధంగా పరిష్కరించింది. అక్కడ ప్రక్రియను సృష్టించినవారికి ఒక హ్యాండిల్ లభిస్తుంది. చివరి హ్యాండిల్‌ను మూసివేసేవరకు ముగిసిన ప్రక్రియ వస్తువు నిలిచే ఉంటుంది. ముగింపు సమాచారాన్ని ఎవరైనా బాధ్యతగా విడుదల చేయాలన్న సూత్రం మాత్రం రెండు వ్యవస్థలకూ సమానం.

6. అనేక శిశుప్రక్రియలు - సిగ్నల్ ఆధారిత స్వీకరణ:

సర్వర్ ప్రోగ్రామ్ తన పనిని వదిలి ‘వెయిట్’లో నిద్రించలేదు. అందుకోసం శిశుప్రక్రియ ముగిసినప్పుడు కెర్నల్ జనకప్రక్రియకు ‘సిగ్‌చైల్డ్’ అనే సిగ్నల్‌ను పంపుతుంది. అయితే ఈ సిగ్నళ్లు వరుసలో నిల్వ ఉండవు. మూడు శిశుప్రక్రియలు దాదాపు ఒకేసారి ముగిస్తే ఒకే సిగ్నల్ అందవచ్చు. సిగ్నల్‌కు ఒకసారి చొప్పున ‘వెయిట్’ను పిలిచే ప్రోగ్రామ్‌లో మిగిలిన రెండూ జాంబీలుగా ఉండిపోతాయి. కనుక సిగ్నల్ అందిన ప్రతిసారీ ‘డబ్ల్యూ నోహ్యాంగ్’తో ‘వెయిట్‌పిడ్’ను, స్వీకరించవలసినవి లేవని తెలిసేవరకు, వలయంలో పిలవాలి. ముగింపు సమాచారం అవసరమే లేకపోతే ‘సిగ్‌చైల్డ్’ను విస్మరిస్తున్నట్లు ముందుగానే ప్రకటించవచ్చు. పోసిక్స్ 2001 ప్రమాణం ప్రకారం అప్పుడు జాంబీలు ఏర్పడవు.

7. అనాథ ప్రక్రియలు:

జనకప్రక్రియే ముందుగా ముగిస్తే శిశుప్రక్రియ అనాథ అవుతుంది. దానిని సాధారణంగా 1వ సంఖ్య గల ‘ఇనిట్’ ప్రక్రియ దత్తత తీసుకొని, ముగిసినప్పుడు స్వీకరిస్తుంది. 2012లో వెలువడిన లినక్స్ 3.4 నుండి ఇతర ప్రక్రియలు కూడా తమ వారసుల విషయంలో ఈ బాధ్యతను స్వీకరించే వీలు కలిగింది.

కంటైనర్ల వినియోగంతో ఈ అంశానికి కొత్త ప్రాధాన్యం వచ్చింది. కంటైనర్ లోపల మొదట నడిచే అనువర్తనమే 1వ ప్రక్రియ అవుతుంది. దాని రచయిత దత్తత బాధ్యతను ఊహించి ఉండడు కనుక అనాథలు జాంబీలుగా పేరుకుపోతాయి. డాకర్‌లో ‘ఇనిట్’ ఎంపిక ద్వారా ‘టిని’ అనే చిన్న ప్రోగ్రామ్‌ను 1వ ప్రక్రియగా ఉంచడం ఈ సమస్యకు పరిష్కారం.

8. ముగింపు:

ఈ పరిశీలన ద్వారా కింది అంశాలను నిర్ధారించవచ్చు.

• ‘వెయిట్’లో ఆగడం సందర్భాన్ని బట్టి జరుగుతుంది. విజయవంతమైన ప్రతి పిలుపులోనూ తప్పక జరిగేది ముగింపు సమాచార స్వీకరణ.

• జాంబీ స్థితి వ్యవస్థ ఇచ్చే రక్షణ. దానిని తొలగించని జనకప్రక్రియదే లోపం.

• ముగిసిన తీరును పరీక్షించకుండా ఎగ్జిట్ సంఖ్యను చదివితే వైఫల్యం విజయంగా కనిపిస్తుంది.

• అనేక శిశుప్రక్రియలున్నచోట ఒక సిగ్నల్‌కు ఒక స్వీకరణ సరిపోదు.

బోధనలో ఒక చిన్న మార్పు వీటన్నింటినీ విద్యార్థికి అనుభవంలోకి తేగలదు. ప్రయోగశాలలో శిశుప్రక్రియ చేత వాక్యాన్ని ముద్రింపజేయడంతో ఆపకుండా, ఒకసారి 3 అన్న సంఖ్యతో ముగియించి, మరొకసారి 9వ సిగ్నల్‌తో ఆపి, ఆ రెండింటి భేదాన్ని జనకప్రక్రియ చేత చెప్పించాలి. ఆపై ‘వెయిట్’ను తొలగించి, జనకప్రక్రియను కొంతసేపు నిద్రింపజేసి, ప్రక్రియల పట్టికలో ‘జెడ్’ అక్షరాన్ని చూపించాలి. అప్పుడు ‘వెయిట్ ఎందుకు?’ అన్న ప్రశ్నకు విద్యార్థి వరుసతో పాటు బాధ్యతను కూడా సమాధానంగా చెప్పగలుగుతాడు.