చుట్టాలొస్తే డెట్రాయిట్ చూపించండి

మిషిగన్‌లో ఉంటున్న తెలుగు కుటుంబాలకు వేసవి అంటే చుట్టాల కాలం. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తారు, అత్తమామలు వస్తారు. పక్క రాష్ట్రాల నుంచి అన్నదమ్ములు పిల్లలతో దిగుతారు. వాళ్ళను నయాగరా తీసుకెళ్తాం, షికాగో తీసుకెళ్తాం, నోవైలో వేంకటేశ్వరస్వామి దర్శనం చేయిస్తాం. ముప్పావు గంట దూరంలో ఉన్న డెట్రాయిట్‌కి మాత్రం చాలామందిమి తీసుకెళ్ళం. మనలో ఎంతోమంది ఇక్కడికి చేరింది కార్ల పరిశ్రమను నమ్ముకునే. కొడుకో కూతురో పొద్దున్నే వెళ్ళి సాయంత్రం దాకా ఏం చేస్తున్నారో కన్నవాళ్ళకు తెలిసేది తక్కువ. "ఏదో కార్ల కంపెనీ" అని ఊళ్ళో చెప్పుకుంటారు. ఆ పని ఎక్కడ పుట్టిందో, ఎవరి చెమటతో పెరిగిందో రెండు రోజుల్లో వాళ్ళకు కళ్ళారా చూపించవచ్చు. చూపించాలని నా గట్టి కోరిక.

ముందు రోజులు కుదుర్చుకోవాలి. నా ఓటు శుక్ర, శనివారాలకు. ఫోర్డ్ రూజ్ ఫ్యాక్టరీ టూర్ ఆదివారం ఉండదు. డెట్రాయిట్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆర్ట్స్, అంటే ఇక్కడందరూ డీఐఏ అనే మ్యూజియం, సోమవారం మూసి ఉంటుంది. ఈస్టర్న్ మార్కెట్ నిండుగా ఉండేది శనివారం. ఫ్యాక్టరీలో పని జరుగుతుండగా చూడాలంటే వారాంతం కాని రోజైతే నమ్మకం ఎక్కువ. అందుకే శుక్రవారం డియర్‌బోర్న్, శనివారం ఊళ్ళోకి. మే నుంచి అక్టోబరు దాకా ఏ వారమైనా బాగుంటుంది. జనవరి చలిలో పెద్దవాళ్ళను నది ఒడ్డున నడిపించడం వద్దు. టికెట్లు కొనే ముందు వేళలు, ఆ రోజు ఫ్యాక్టరీలో అసెంబ్లీ లైన్ నడుస్తుందో లేదో మరోసారి చూసుకోండి.

ఫ్యాక్టరీ ముందు, మ్యూజియంలో బొమ్మలు తర్వాత. ఈ వరస మార్చకండి. కారణం డీఐఏ దగ్గరకు వచ్చినప్పుడు చెబుతాను.

శుక్రవారం పొద్దున్నే డియర్‌బోర్న్‌లోని హెన్రీ ఫోర్డ్ మ్యూజియం దగ్గర కారు పెట్టేస్తే రూజ్ టూర్ బస్సు అక్కడే ఎక్కవచ్చు. రూజ్ నది ఒడ్డున 1917లో మొదలై 1928 నాటికి పూర్తయిన ఈ కర్మాగారం ఒకప్పుడు తానే ఒక పట్టణం. ఇనుప ఖనిజం, బొగ్గు, సున్నపురాయి ఓడల్లో వచ్చేవి. ఉక్కు అక్కడే తయారయ్యేది, అద్దాలు అక్కడే, కరెంటు అక్కడే. ఒక పక్క నుంచి మట్టి వస్తే ఇంకో పక్క నుంచి కారు పోయేది. మంచి రోజుల్లో లక్ష మందికి పైగా పనిచేశారు. ఇప్పుడు మనకు చూపించేది ఎఫ్-150 ట్రక్కులు బిగించే షెడ్డు. పైనుంచి కట్టిన నడవా మీద నడుస్తూ కిందకు చూస్తాం. ఒకామె తలుపుకు రబ్బరు అతికిస్తుంటుంది, ఇంకొకతను డ్యాష్‌బోర్డు లోపలికి నెడుతుంటాడు. బండి ఆగదు. తన ముందున్న కొద్ది అడుగులు దాటేలోపు ఆ మనిషి పని ముగించాలి, వెంటనే తర్వాతి బండి వచ్చేస్తుంది. ఒక మనిషి దగ్గర ఆగి, నాలుగైదు బండ్లు పోయేదాకా ఆ చేతులనే చూడమని మీ వాళ్ళతో చెప్పండి. టూర్ మొత్తంలో విలువైన నిమిషాలు అవే. ఆ షెడ్డు పైకప్పు మీద పదెకరాల మేర మొక్కలు పెంచారు. వాన నీటిని పట్టి ఉంచడానికి చేసిన ఏర్పాటు అది. పక్కనున్న గ్యాలరీ నుంచి కనిపిస్తుంది.

కదిలే లైన్ పుట్టింది మాత్రం ఇక్కడ కాదు, 1913లో హైలాండ్ పార్క్ ప్లాంట్‌లో. కారు చట్రం బిగించడానికి అంతకుముందు పన్నెండు గంటలకు పైగా పట్టేది. లైన్ వచ్చాక గంటన్నర చాలు. కానీ ఒకే పని రోజంతా చేయలేక మనుషులు పారిపోయేవారు. ఒక ఉద్యోగం ఏడాది పొడుగునా నిండి ఉండాలంటే ముగ్గురు నలుగురిని మార్చి మార్చి పెట్టుకోవలసి వచ్చింది. 1914 జనవరిలో హెన్రీ ఫోర్డ్ రోజుకు ఐదు డాలర్లు ప్రకటించింది ఆ నేపథ్యంలోనే. అప్పటి కూలికి అది రెట్టింపు. ఆ డబ్బు కోసం ప్రపంచం నలుమూలల నుంచి, అమెరికా దక్షిణాది పత్తి చేల నుంచి జనం కదిలి వచ్చారు. ఆ జీతం పూర్తిగా అందాలంటే ఇంటి తనిఖీకి కూడా ఒప్పుకోవాలి. తాగుతున్నారా, పొదుపు చేస్తున్నారా, ఇల్లు శుభ్రంగా ఉందా అని కంపెనీ మనుషులు వచ్చి చూసేవారు. మంచి జీతం, మెడ మీద చేయి రెండూ కలిసే వచ్చాయి. రూజ్ గేటు దగ్గర 1932 మార్చిలో పనులు పోయినవాళ్ళు చేసిన ఆకలి ఊరేగింపు మీద కాల్పులు జరిగి కార్మికులు చనిపోయారు. 1937 మేలో అక్కడి వంతెన మీదే వాల్టర్ రాయిథర్‌నూ, ఇతర యూనియన్ నాయకులనూ కంపెనీ మనుషులు కొట్టారు. ఫోర్డ్ యూనియన్‌ను ఒప్పుకున్నది 1941లో. ఇవి పిల్లలకు చెప్పండి. అమ్మానాన్నలకు ఎలాగూ అర్థమవుతాయి, సింగరేణి సమ్మెలూ విశాఖ ఉక్కు పోరాటమూ విన్న తరం వాళ్ళది.

టూర్ బస్సు తిరిగి మ్యూజియం దగ్గరే దించుతుంది. లోపల అన్నీ చూడాలనుకుంటే ఒక రోజు చాలదు. నేనైతే మూడు చూపిస్తాను. 1941 నాటి అల్లెగెనీ ఆవిరి ఇంజన్ పక్కన నిలబడితే చక్రాలే మన ఎత్తున కనిపిస్తాయి. కెన్నెడీ హత్య జరిగినప్పుడు ఆయన ప్రయాణిస్తున్న కారు రెండోది. మూడోది ఆకుపచ్చ, పసుపు రంగుల బస్సు. 1955 డిసెంబరు 1న మాంట్‌గోమరీలో నల్లజాతి మహిళ రోజా పార్క్స్ తెల్లవాళ్ళ కోసం సీటు ఖాళీ చేయనన్నది ఈ బస్సులోనే. తర్వాత ఎన్నో ఏళ్ళు అది అలబామాలో ఒక పొలంలో పడి ఉంది. 2001లో మ్యూజియం వేలంలో కొని బాగు చేయించింది. ఎక్కి కూర్చోనిస్తారు. ఆమె తర్వాత 1957లో డెట్రాయిట్‌కే వచ్చి, చనిపోయేదాకా ఇక్కడే ఉందని చాలామందికి తెలియదు.

పిల్లలుంటే, వేసవి అయితే, పక్కనే గ్రీన్‌ఫీల్డ్ విలేజ్ ఉంది. ఎడిసన్ ప్రయోగశాలను, రైట్ సోదరుల సైకిల్ షాపును ఫోర్డ్ అక్కడికి తరలించి నిలబెట్టాడు. కానీ రూజ్, మ్యూజియం, విలేజ్ మూడూ ఒకే రోజు అంటే పెద్దవాళ్ళ మోకాళ్ళు ఒప్పుకోవు. భోజనం డియర్‌బోర్న్‌లోనే చేయండి. అమెరికాలో అరబ్ కుటుంబాలు బాగా ఎక్కువగా ఉన్న ఊరు అది. ఫలాఫెల్, హమ్మస్, పప్పు సూప్, వేడి రొట్టె దొరుకుతాయి కాబట్టి శాకాహారులకు దిగులు లేదు.

శనివారం పొద్దున ఈస్టర్న్ మార్కెట్‌తో మొదలుపెడితే అమ్మలు సంతోషిస్తారు. పంతొమ్మిదో శతాబ్దం చివర నుంచీ అక్కడే సాగుతున్న పెద్ద సంత అది. షెడ్ల కింద రైతులు కూరగాయలు, పూలు, నారు మొక్కలు పెట్టుకుని అమ్ముతుంటారు. గంట చాలు. అక్కడి నుంచి వుడ్‌వర్డ్ అవెన్యూ మీదున్న డీఐఏకి వెళ్ళండి. వేన్, ఓక్లాండ్, మకోంబ్ కౌంటీల వాళ్ళకు ప్రవేశం ఉచితం. మనలో ఎక్కువమంది ఉండేది ఆ కౌంటీల్లోనే, మన ఆస్తి పన్నులో దాని వాటా కూడా ఉంది. అయినా అడుగు పెట్టని ఇళ్ళు ఎన్నో.

నేరుగా నడిమధ్యనున్న రివేరా కోర్టుకు వెళ్ళి బెంచీ మీద కూర్చోండి. మెక్సికో చిత్రకారుడు డియేగో రివేరా 1932 ఏప్రిల్లో, అంటే ఆకలి ఊరేగింపు జరిగిన మరుసటి నెలలోనే, భార్య ఫ్రీడా కాలోతో ఈ ఊరు వచ్చాడు. హెన్రీ ఫోర్డ్ కొడుకు ఎడ్సెల్ డబ్బిచ్చాడు. రివేరా నెలల తరబడి రూజ్‌లో తిరిగి బొమ్మలు గీసుకుని, 1933 మార్చి నాటికి నాలుగు గోడల మీద తడి సున్నంపై 27 చిత్రాలు వేశాడు. ఉత్తరం గోడ మీద వీ-8 ఇంజన్ తయారీ. కొలిమి మంట వెనక, ముందు వరసలో వంగిన వీపులు, లాగుతున్న చేతులు. దక్షిణం గోడ మీద కారు బాడీ తయారీ, చివరి బిగింపు. కుడివైపు నిలబడిన పెద్ద ప్రెస్సు యంత్రానికి అజ్టెక్ దేవత కోట్లిక్వే పోలిక ఇచ్చాడంటారు. పైన నలుగురు పెద్ద స్త్రీమూర్తులు నాలుగు రంగుల్లో పడుకుని ఉంటారు. వాళ్ళు నాలుగు జాతులు, ఉక్కుకు కావలసిన ఖనిజం, బొగ్గు, సున్నపురాయి, ఇసుక కూడా వాళ్ళే.

ఇప్పుడు దక్షిణం గోడ మీద పూర్తయిన కారు ఎక్కడుందో వెతకమని పిల్లలకు చెప్పండి. అంత పెద్ద గోడ మీద, లైన్ చివర, దూరంగా చిన్న ఎర్ర కారు ఒక్కటే ఉంటుంది. రివేరాకు కావలసింది కారు కాదు, దాన్ని చేసే మనిషి. అదే గోడ మీద, ఫ్యాక్టరీ చూడటానికి వచ్చిన సందర్శకుల గుంపును కూడా వేశాడు. టోపీలు పెట్టుకుని, ముఖంలో ఏ భావమూ లేకుండా చూస్తుంటారు. నిన్న నడవా మీద నిలబడి చూసింది మనమే కదా అనిపిస్తుంది. ఫ్యాక్టరీ ముందు చూడాలన్నది ఇందుకే. ఆ చేతుల్ని నిన్న చూసి వచ్చిన వాళ్ళకు ఈ గోడ వివరించక్కర్లేదు.

ఈ బొమ్మలు బయటపడగానే ఊళ్ళో గొడవ లేచింది. టీకా వేయించుకుంటున్న పాపాయి చిత్రం క్రీస్తు జననాన్ని అవమానించేలా ఉందన్నారు, గోడలకు సున్నం కొట్టేయాలని ఒక పత్రిక రాసింది. ఎడ్సెల్ ఫోర్డ్ రివేరా పక్షాన నిలిచాడు. రెండో గండం 2013లో వచ్చింది. దాదాపు 18 బిలియన్ డాలర్ల అప్పుతో డెట్రాయిట్ నగరం దివాలా తీసింది. మ్యూజియంలోని చిత్రాలను అమ్మి అప్పు తీర్చాలన్న మాట బలంగా వినిపించింది. చివరికి దాతృత్వ సంస్థలు, రాష్ట్ర ప్రభుత్వం, మ్యూజియం కలిసి 80 కోట్ల డాలర్లకు పైగా కూడగట్టి, విశ్రాంత ఉద్యోగుల పెన్షన్లకు ఆసరా ఇచ్చి చిత్రాలను కాపాడుకున్నారు. మిగతా గదుల్లో వాన్ గోగ్ తన ముఖాన్ని తానే గీసుకున్న చిత్రం ఉంది, బ్రూగెల్ పెళ్ళి నాట్యం ఉంది. అవీ చూడండి.

మధ్యాహ్నం కారు అక్కడే ఉంచి క్యూలైన్ ట్రామ్ ఎక్కితే డౌన్‌టౌన్‌లో దిగవచ్చు, టికెట్ అక్కర్లేదు. 1929లో కట్టిన గార్డియన్ బిల్డింగ్ లోపలికి వెళ్ళి పైకి చూడండి, రంగు పలకల పైకప్పు కోసమే వెళ్ళాలి. అక్కడి నుంచి నది దగ్గరే. హార్ట్ ప్లాజాలో, బానిసత్వం నుంచి పారిపోయి నది దాటి కెనడా చేరిన వాళ్ళ స్మారకం ఉంది. విగ్రహాలు నదికి అవతలి విండ్సర్ వైపు చూస్తుంటాయి. ఇక్కడ కెనడా దక్షిణాన ఉంటుంది. ఈ మాట పెద్దవాళ్ళు అంత తేలిగ్గా నమ్మరు, ఫోన్‌లో మ్యాప్ చూపించాలి. ఓపికుంటే మిషిగన్ సెంట్రల్ స్టేషన్‌కి కూడా వెళ్ళిరండి. 1913లో తెరిచారు, 1988లో ఆఖరి రైలు పోయింది. ముప్పై ఏళ్ళు పాడుబడి ఉన్న ఆ భవనాన్ని ఫోర్డ్ కంపెనీ 2018లో కొని, బాగు చేసి, 2024 జూన్‌లో మళ్ళీ తెరిచింది.

డ్రైవ్ చేసేవాళ్ళకు ఒక హెచ్చరిక. డౌన్‌టౌన్ చుట్టుపక్కల వంతెనకూ సొరంగానికీ పోయే దారులు ఉన్నాయి. "కెనడా" అని బోర్డు కనిపిస్తే ఆ లేన్‌లో ఉండకండి. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలు కెనడా వీసా లేకుండా పొరపాటున అటు పోతే, తిరిగొచ్చేటప్పుడు ఇమ్మిగ్రేషన్ కిటికీ ముందు జవాబు చెప్పుకోవాలి. ప్రయాణం ముందు రాత్రే దారి చూసుకోండి, పాస్‌పోర్టులు వెంట ఉంచండి.

ఇంకో విన్నపం. 1950లో పద్దెనిమిదిన్నర లక్షల మంది ఉన్న ఈ నగరంలో 2020 లెక్కకు ఆరు లక్షల నలభై వేల లోపే మిగిలారు. ఫ్యాక్టరీలు తరలిపోవడం, తెల్లవాళ్ళు శివార్లకు వెళ్ళిపోవడం, నల్లవాళ్ళకు ఇళ్ళు, అప్పులు దొరకనివ్వకపోవడం, 1967 నాటి అల్లర్లు, అన్నీ కలిసి ఆ ఖాళీ చేశాయి. పాడుబడిన ఇళ్ళ వీధుల్లో కారు నెమ్మదిగా నడుపుతూ చూపించే అలవాటు కొందరికి ఉంది. దయచేసి వద్దు. ఆ పక్కింట్లో ఎవరో కాపురం ఉంటున్నారు, వాకిలి ఊడ్చుకుని పూల మొక్క పెట్టుకున్నారు. ఆ కథ తెలుసుకోవాలంటే డీఐఏ నుంచి నడిచి వెళ్ళే దూరంలోనే నల్లవాళ్ళ చరిత్రను చూపే చార్లెస్ రైట్ మ్యూజియం ఉంది.

ఇంకో పూట దొరికితే మోటౌన్ మ్యూజియం. మోటౌన్ పాటల కంపెనీ పెట్టిన బెర్రీ గోర్డీ కార్ల లైన్ మీద పనిచేసి, ఆ పద్ధతినే పాటలకు అన్వయించినవాడు. ఒకరు రాయాలి, ఒకరు పాడాలి, ఒకరు నడక నేర్పాలి, చివర్లో అందరూ కూర్చుని నాణ్యత చూడాలి. 1959లో ఇంట్లో వాళ్ళ దగ్గర 800 డాలర్లు అప్పు తెచ్చి మొదలుపెట్టాడు. స్టీవీ వండర్, మైకేల్ జాక్సన్ ఇప్పుడు మ్యూజియంగా ఉన్న ఆ చిన్న ఇంటి నుంచి వెళ్ళినవాళ్ళే. టికెట్లు ముందే కొనాలి. సాయంత్రం తిండికి డెట్రాయిట్ పిజ్జా అడగండి. 1940లలో కార్ల ఫ్యాక్టరీల్లో వాడే ఉక్కు ట్రేలలో కాల్చడంతో మొదలైంది కాబట్టి అది దీర్ఘచతురస్రంగా, అంచులు కరకరలాడుతూ వస్తుంది.

ఇంత తీరిక లేదు, ఒక్క పూటే ఉంది అంటే మిగతావన్నీ వదిలేయండి. వారాంతం కాని రోజు పొద్దున్నే అయితే రూజ్. శుక్రవారం సాయంత్రమైతే డీఐఏ, ఆ రోజు రాత్రి తొమ్మిది దాకా తెరిచి ఉంటుంది. ఇంట్లో కార్ల పని చేసేవాళ్ళు ఎవరైనా ఉంటే, గోడ ముందు నిలబెట్టి, తమ పని ఆ లైన్‌లో ఎక్కడ వస్తుందో అమ్మానాన్నలకు వాళ్ళనే చూపించమనండి.