గోడకు తొడిగిన చొక్కా!

ఖాళీ స్టీలు బిందె మూతి దగ్గర నోరు పెట్టి “ఓ!” అని ఎప్పుడైనా అరిచారా? గొంతు ఖంగుమని మోగుతుంది. అదే బిందెలో మందపాటి తువ్వాలు కుక్కి అరవండి. మోత తగ్గిపోతుంది. ఎందుకని?

గట్టిగా, నున్నగా ఉండే తలానికి తగిలిన ధ్వని తరంగాలు బంతిలా వెనక్కి తుళ్ళుతాయి. తువ్వాలు పోగుల మధ్య చిన్న చిన్న గాలి సందులుంటాయి. వాటిలో దూరిన ధ్వని రాపిడి వల్ల శక్తిని కోల్పోతుంది. ఆ శక్తి రవంత వేడిగా మారుతుంది.

జర్మనీలోని బెర్నౌ పట్టణంలో కార్మిక సంఘాల పాఠశాలకు కట్టిన సభామందిరంలోనూ ఈ ప్రతిధ్వని బెడదే వచ్చింది. దాన్ని తీర్చే పని ఆనీ ఆల్బర్స్‌కు అప్పగించారు. ఆమె 1922లో బౌహౌస్ కళాశాలలో చేరింది. అక్కడ ఆడపిల్లల్ని ఎక్కువగా నేత విభాగానికే పంపేవారు. ఆనీకి మొదట్లో నేత నచ్చనే లేదు!

గోడకు ముఖమల్ కడితే మోత తగ్గుతుంది. కాని చేతుల మరకలు కనబడకుండా ముదురు రంగు వాడాలి. అప్పుడు గది చీకటిగా ఉంటుంది. మరి దారి?

ఆనీ దగ్గర ఇటలీలో కొన్న చిన్న అల్లిక టోపీ ఒకటి ఉంది. అది సెల్లోఫేన్ లాంటి మెరిసే పోగుతో అల్లినది. ఆమె దాన్ని విప్పి, ఆ పోగుతోనే మొదటి నమూనాలు నేసింది. చివరికి తయారైన బట్టకు ముందువైపు సెల్లోఫేన్, వెనకవైపు మెత్తని నూలు. ముందువైపు వెలుతురును తిప్పికొడుతుంది, తుడిస్తే శుభ్రపడుతుంది. వెనకవైపు ధ్వనిని పీల్చుకుంటుంది. ఈ పనికే 1930లో ఆమెకు డిప్లొమా వచ్చింది.

నాజీల ఒత్తిడికి 1933లో బౌహౌస్ మూతపడింది. ఆనీ అమెరికా వెళ్ళి నేత నేర్పింది. అక్కడ ఒక విద్యార్థితో కలిసి వంటింటి సింకు జల్లెడతో, కాగితాల క్లిప్పులతో హారం చేసింది! 1949లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం ఆమె నేతపనితో ప్రత్యేక ప్రదర్శన పెట్టింది.

మీరూ నేసి చూడండి. అట్టముక్క అంచులకు గాట్లు పెట్టి, దారాన్ని పడుగుగా చుట్టండి. పేకగా ఒకసారి బిస్కెట్ పొట్లం కాగితపు పీలికలు, ఇంకోసారి దూది వత్తులు వాడండి. రెండింటి మీదా టార్చి వేయండి. ఏది మెరిసింది? ఏది వెలుతురును మింగింది? వస్తువు ధర ఎంత అని కాక, అది ఏం చేయగలదు అని అడగడమే ఆనీ పద్ధతి. ఇక మీ వంటింట్లోకి ఒకసారి తొంగి చూడండి!