అరిగిన ఇంపెల్లర్‌ను చదవడం

ఎల్బీ నగర్ నుంచి సాగర్ రోడ్డు పట్టుకుని వెళితే మూడు గంటల్లో నాగార్జునసాగర్. అక్కడి జలాశయంలో నాగార్జునకొండకు లాంచీలు తిరుగుతుంటాయి. ఆ జలాశయం నీళ్ళే పుట్టంగండి దగ్గర పైకెక్కి, అక్కంపల్లి రిజర్వాయరు చేరి, కోదండాపురంలో శుద్ధయి, గొట్టాల గుండా హైదరాబాద్‌కు వస్తాయి. కృష్ణా నీటి పథకం మొదటి దశ 2004లో నగరానికి అందింది. సాగర్ నిండుమట్టం 590 అడుగులు, అంటే సుమారు 180 మీటర్లు. హైదరాబాద్ ఉన్నది సముద్రమట్టానికి 500 మీటర్ల పైన. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఇంటి సంపులో పడే ప్రతి బిందెడు నీటినీ ఎవరో మూడు వందల మీటర్లకు పైగా ఎత్తి తెచ్చారన్నమాట. ఆ ఎత్తే పని చేసేది పంపు లోపల తిరిగే రెక్కల చక్రం, ఇంపెల్లర్. సంపులోంచి మేడ మీది ట్యాంకుకు ఎక్కించేది ఇంకో ఇంపెల్లర్. బోరులో ఆరు వందల అడుగుల లోతున మరో పాతిక ఇంపెల్లర్లు. సముద్రం మీద పడవ ఇంజిన్‌ను చల్లగా ఉంచేదీ ఇంపెల్లరే.

ఇంత పని చేసే వస్తువు గురించి మనం ఆలోచించేది నీళ్ళు ఆగిపోయిన రోజునే. మెకానిక్ వస్తాడు, పాతది తీసి పక్కన పడేస్తాడు, కొత్తది బిగిస్తాడు. ఆ పక్కన పడేసినదాన్ని ఓసారి చేతిలోకి తీసుకుని చూడమన్నదే ఈ వ్యాసంలో నా విన్నపం. అది ఎలా అరిగిందో చూస్తే ఎందుకు అరిగిందో తెలుస్తుంది. ఎందుకో తెలియకుండా మార్చిన ఇంపెల్లర్, మొదటిది ఎన్నాళ్ళు ఉందో అన్నాళ్ళే ఉంటుంది.

ముందు అది నీళ్ళను ఎలా ఎత్తుతుందో చూద్దాం. కవ్వంతో మజ్జిగ చిలికేటప్పుడు మధ్యలో గుంట పడి, అంచుల వెంట మజ్జిగ పైకి లేస్తుంది కదా. సెంట్రిఫ్యూగల్ పంపులో జరిగేదీ అదే. ఇంపెల్లర్ గిర్రున తిరిగితే నీరు నడుమ నుంచి అంచుకు విసురుగా పోతుంది. నడుమ ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి అక్కడికి కొత్త నీరు వచ్చి చేరుతుంది. అంచు దాటిన నీటి వేగాన్ని చుట్టూ ఉన్న బౌల్ నెమ్మదింపజేసి ఒత్తిడిగా మారుస్తుంది. ఆ ఒత్తిడే నీటిని గొట్టంలో పైకి నెడుతుంది.

ఇక్కడ రెక్క వంపు ముఖ్యం. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనలో జాన్ ఆపోల్డ్ అనే ఇంజినీరు వంపు తిరిగిన రెక్కల పంపును పెట్టాడు. పరీక్షించి చూస్తే దాని సామర్థ్యం 68 శాతం దాకా వచ్చింది. కేంద్రం నుంచి నిటారుగా సాగే తిన్నని రెక్కలు పెడితే 24 శాతమే. ఇచ్చిన శక్తిలో మూడొంతులు నీటిని కలియబెట్టడానికే పోయిందన్నమాట. ఈ రోజు దుకాణంలో మీరు కొనే ఇంపెల్లర్‌లో కూడా రెక్కలు తిరిగే దిశకు వెనక్కి వంగి ఉంటాయి.

కొంచెం లెక్క వేద్దాం. మన ఇళ్ళ మోటార్లు నిమిషానికి 2880 చుట్ల దరిదాపుల్లో తిరుగుతాయి. బోరు పంపులో ఇంపెల్లర్ వ్యాసం 8 సెంటీమీటర్లు అనుకుంటే, దాని అంచు సెకనుకు 12 మీటర్ల వేగంతో కదులుతుంది. ఆ వేగాన్ని వర్గం చేసి గురుత్వ త్వరణంతో భాగిస్తే దాదాపు 15 మీటర్లు. ఆదర్శంగా అంత ఎత్తుకు పంపాలి. రెక్కల వెనక్కి వంపు, నీటి జారుడు, రాపిడి అన్నీ తీసేస్తే అందులో సగం, ఏడు మీటర్లు, చేతికి దక్కుతుంది. ఆరు వందల అడుగులంటే 183 మీటర్లు. ఒక్క ఇంపెల్లర్ వల్ల కాదు. అందుకే ఒకే షాఫ్టు మీద పాతికకు పైగా ఇంపెల్లర్లను ఒకదానిపై ఒకటి పేర్చి, ఒక్కోదానికి ఒక్కో బౌల్ తొడుగుతారు. అదే ఒక స్టేజీ. కింది స్టేజీ ఇచ్చిన ఒత్తిడికి పైది తన ఏడు మీటర్లు కలుపుతుంది.

ఈ లెక్కలో వర్గం ఉండడమే చిక్కు. ఇంపెల్లర్ల అంచు పదోవంతు అరిగితే ఎత్తు పదోవంతు తగ్గి ఊరుకోదు, 19 శాతం పడిపోతుంది. 183 మీటర్లు ఎత్తాల్సిన పంపు 148 దగ్గర ఆగుతుంది. మోటారు తిరుగుతూనే ఉంటుంది, కరెంటు కాలుతూనే ఉంటుంది, గొట్టంలో నీరు వంద అడుగుల కింద నిలబడి ఉంటుంది. కొళాయిలో చుక్క రాదు. “నిన్నటిదాకా బాగానే వచ్చాయండీ” అనే మాట వెనక ఈ గణితం ఉంది. అరుగుదల నెలల తరబడి సాగినా, నీళ్ళు ఒక్కరోజులో ఆగినట్టు కనిపిస్తాయి.

మోటారును పైనే పెట్టి నీళ్ళను లాగొచ్చుగా అని పిల్లలు అడుగుతుంటారు. పంపు నిజానికి లాగదు. నడుమ ఒత్తిడి తగ్గిస్తే బయటి గాలి బరువు నీటిని లోపలికి నెడుతుంది. సముద్రతీరంలో ఆ బరువు 10.3 మీటర్ల నీటిని నిలబెట్టగలదు. మన ఎత్తులో గాలి కొంచెం పలచన, 9.7 మీటర్లే. రాపిడి, ఆవిరి పోను, పైన పెట్టిన పంపు ఏడు మీటర్ల లోతు దాటితే చేతులెత్తేస్తుంది. చేదబావుల నాడు అది చాలింది. ఇప్పుడు పంపే నీటిలోకి దిగాలి.

అక్కడ దానికి ఎదురయ్యేది హైదరాబాద్ రాయి. మన కాళ్ళ కింద ఉన్నది దాదాపు 250 కోట్ల ఏళ్ళనాటి గ్రానైటు. దానికి ఇసుకరాయిలా నీళ్ళు పీల్చుకునే గుణం లేదు. పైన కుళ్ళిన మొరం పొర, దాని కింద రాతి పగుళ్ళు, అంతే. నీరు ఆ పగుళ్ళలోనే నడుస్తుంది. అందుకే చైతన్యపురిలో ఒక ఇంటి బోరు పుష్కలంగా పోస్తుంటే గోడ అవతలి ఇంట్లో దుమ్ము లేస్తుంది. పగులు ఎంత ఇస్తే అంతే. మోటారు హెచ్‌పీ పెంచితే పగులు పెద్దదవదు.

ఇక తీసిన ఇంపెల్లర్‌ను చూద్దాం. నీరు లోపలికి వెళ్ళే నోరు గుండ్రంగా, నున్నగా అరిగి వెడల్పయిందా? అది ఇసుక పని. గ్రానైటు పొడిలో ఉండే క్వార్ట్జ్ కాఠిన్యం మోస్ కొలతలో 7, ఫెల్డ్‌స్పార్ 6. ఇత్తడి 3 దగ్గరే. ప్లాస్టిక్ సంగతి చెప్పనక్కర్లేదు. నోటికీ బౌల్‌కూ మధ్య సందు పెరిగితే, పైకి పోవాల్సిన నీరు ఆ సందులోంచి కిందికే జారి మళ్ళీ మళ్ళీ అక్కడే తిరుగుతుంది. మన బోర్లలో కేసింగ్ పైపు మొరం పొర వరకే దించుతారు, కింద రాయే గోడ. కేసింగ్ గట్టి రాతి మీద సరిగా కూర్చోకపోతే, ఆ రెంటి మధ్య సందులోంచి మట్టి జారుతూనే ఉంటుంది. అలాంటి బోరులో ఎన్ని ఇంపెల్లర్లు మార్చినా వృథా. ముందు బోరు కడిగించాలి, కేసింగ్ చూపించుకోవాలి, పంపును అడుగు నుంచి కొంత పైకి జరపాలి.

నోరు బాగానే ఉండి, ప్లాస్టిక్ మెత్తబడి వంకర తిరిగి బౌల్‌కు అంటుకుపోయిందా? అది నీళ్ళు లేకుండా తిరిగింది. బోరు పంపులో షాఫ్టును పట్టి ఉంచే బుష్‌లకు నూనె ఉండదు, నీరే నూనె. మోటారును చల్లబరిచేది కూడా దాని పక్కనుంచి పైకి పోయే నీరే. పగులు ఇచ్చేదానికన్నా పంపు ఎక్కువ లాగితే నీటిమట్టం పంపు జాలి దాకా దిగిపోతుంది. లోపల చిక్కుకున్న కాస్త నీరు చిలికి చిలికి మరుగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మన కాలనీల్లో కాలిపోయే మోటార్లలో చాలావాటి కథ ఇదే. వాటి స్థానంలో ఇంకా పెద్ద మోటారు దించడం నాకు బాధ కలిగించే విషయం. అది పగులును ఇంకా త్వరగా ఖాళీ చేస్తుంది, ఇంకా త్వరగా కాలుతుంది. కావలసింది తక్కువ నీరు లాగే పంపు, లేదా నీరు తగ్గగానే ఆపేసే డ్రై రన్ పరికరం, మధ్యమధ్య బోరుకు విశ్రాంతినిచ్చే టైమర్.

ఇంపెల్లర్ పై పళ్ళెం అరిగి, కింది వైపు కొత్తదిలా ఉండడం కొన్నిసార్లు కనిపిస్తుంది. ఆరు వందల అడుగులకు లెక్కేసిన పంపు పెట్టారు, వానలు పడి నీరు రెండు వందల అడుగుల్లోనే ఉంది. ఎత్తు తక్కువ కాబట్టి ప్రవాహం మితిమీరి, ఆ దూకుడుకు ఇంపెల్లర్లు షాఫ్టు మీద పైకి లేచి రాసుకున్నాయి. దీనికి వైద్యం చవక. పైన వాల్వ్ కొంచెం మూసి నడిపితే చాలు.

సంపు మోటార్లలో నోటి దగ్గర లోహం చిల్లులు చిల్లులుగా తినేసినట్టుంటే అది కావిటేషన్. లాగే గొట్టం అడుగున ఉండే ఫుట్ వాల్వ్ జాలి పూడిపోయిందో, ఆ గొట్టం సన్నమో, ఒత్తిడి మరీ తగ్గి నీరు చల్లగా ఉండగానే బుడగలుగా మరుగుతుంది. అవి ఒత్తిడి ఉన్నచోటికి చేరగానే చిట్లుతాయి. ఒక్కో చిట్లుడూ లోహం మీద సూది దెబ్బ. మోటారులో గులకరాళ్ళు దొర్లుతున్న చప్పుడు వస్తే అనుమానించవచ్చు. 2020 అక్టోబర్ వరదల్లో సరూర్‌నగర్ చెరువు కింది కాలనీలు మునిగినప్పటిలా సంపులోకి బురద చేరితే, మోటారు ఆరబెట్టించడంతో పని తీరదు. ఫుట్ వాల్వ్ కూడా విప్పి కడగాలి.

తెల్లని గట్టి పెచ్చు కట్టి ఉంటే కఠిన జలం. సిట్రిక్ ఆమ్లంలో నానబెడితే కరుగుతుంది.

పడవ ఇంజిన్ దగ్గర ఇంపెల్లర్ స్వభావమే వేరు. విశాఖ, కాకినాడ రేవుల్లోని మరపడవలకు ఇంజిన్ పడవ పొట్టలోనే ఉంటుంది. రోడ్డు మీది బండికి తగిలినట్టు దానికి ఎదురుగాలి తగలదు. సముద్రపు నీటిని లోపలికి తెచ్చి చల్లబరచుకునే ఇంజిన్లలో ఆ నీటిని తెచ్చేది రబ్బరు ఇంపెల్లర్. నియోప్రీన్ లేదా నైట్రైల్ రబ్బరుతో, మెత్తని రెక్కలతో ఉంటుంది. అది తిరిగే గది పూర్తి గుండ్రం కాదు, ఒక పక్క గోడ లోపలికి ఉబ్బుగా ఉంటుంది. రెక్క ఆ ఉబ్బు దగ్గర వంగుతుంది, దాటగానే నిటారవుతుంది. నిటారయ్యేటప్పుడు రెక్కల మధ్య జాగా పెరిగి నీరు లోపలికి వస్తుంది, వంగేటప్పుడు జాగా తగ్గి బయటకు పోతుంది. ఇది విసిరే పంపు కాదు, పిండే పంపు. గొట్టంలో గాలి ఉన్నా దాన్ని కూడా పిండి పంపేస్తుంది కాబట్టి, మన సంపు మోటారుకు పోసినట్టు ముందుగా నీళ్ళు పోయనక్కర్లేదు. గట్టి రెక్కల పంపుకు ఈ గుణం లేదు.

ఈ సౌకర్యానికి మూల్యం ఉంది. రబ్బరు గదిని రాసుకుంటూ తిరుగుతుంది, మధ్యలో నూనె నీరే. అడుగున నీటి వాల్వ్ తెరవడం మరచి ఇంజిన్ స్టార్ట్ చేస్తే నిమిషం లోపే రెక్కల కొసలు కాలవచ్చు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు వేట నిషేధం. అన్నాళ్ళు పడవ కదలకపోతే ఉబ్బు దగ్గరున్న రెక్కలు వంగినవి వంగినట్టే గట్టిపడతాయి. నిషేధం మొదట్లో తీసి పెట్టి, చివర్లో బిగించడం మేలు. మార్చడం కష్టమేం కాదు. నీటి వాల్వ్ మూసి, మూత మరలు విప్పి, పాతదాన్ని లాగి తీస్తారు. కొత్తదానికి గ్లిజరిన్ రాసి, పంపు తిరిగే దిశకు వెనక్కి వాలేలా రెక్కలు మడిచి లోపలికి నెడతారు, కొత్త గ్యాస్కెట్ పెట్టి మూస్తారు. కానీ పాతదాని రెక్కలు లెక్కపెట్టకుండా మూత మూయకూడదు. ఒక్క ముక్క తక్కువైనా అది ముందుకు పోయి హీట్ ఎక్స్ఛేంజర్ గొట్టాల్లో ఇరుక్కుని ఉంటుంది. అది తీయకపోతే కొత్త ఇంపెల్లర్‌తోనే ఇంజిన్ వేడెక్కుతుంది.

బోరు దగ్గర పని ఇంతకన్నా బరువైనది. స్టార్టర్ బటన్ ఆపితే చాలదు, మెయిన్ తీసేయాలి. పైపులను ట్రైపాడ్, చైన్ పుల్లీతో ఒక్కొక్కటే లాగాలి. కేబుల్ పట్టుకుని మాత్రం లాగకూడదు. పంపును మోటారు నుంచి విడదీసి స్టేజీలు విప్పేటప్పుడు తీసిన వరుసలోనే పేర్చుకోవాలి. ఏ స్టేజీ ఎలా అరిగిందో అప్పుడే తెలుస్తుంది. ఇంపెల్లర్లతోపాటు బుష్‌లు కూడా మార్చించండి. పాత బుష్‌లో షాఫ్టు ఊగితే కొత్త ఇంపెల్లర్ నోరు మళ్ళీ రాసుకుంటుంది. నీటితో నింపే రకం మోటారైతే దించే ముందు శుభ్రమైన నీరు నింపాలి.

దించాక త్రీ ఫేజ్ మోటారైతే తిరిగే దిశ చూడాలి. రెండు వైర్లు తారుమారైతే ఇంపెల్లర్ వెనక్కి తిరుగుతుంది. అయినా నీళ్ళు వస్తాయి, తక్కువగా. అందుకే చాలామంది దాన్ని బోరు లోపమనుకుంటారు. వైర్లు మార్చి చూస్తే ఎక్కువ నీళ్ళు పోసిందే సరైన దిశ. నీళ్ళు నిండుగా పడుతున్నప్పుడు స్టార్టర్ పెట్టె మీది అమ్మీటర్ ఎంత చూపిస్తోందో తేదీతో సహా ఆ పెట్టె తలుపు లోపల రాసిపెట్టండి. తరవాత నీళ్ళు తగ్గినప్పుడు ముల్లు ఆ అంకె కన్నా బాగా కింద ఉంటే పంపులోకి గాలి వస్తోంది, లేదా ఇంపెల్లర్ అరిగింది. పైన ఉంటే ఏదో పట్టేసింది, లేదా వైండింగ్ చెడింది. మొదటి సందర్భంలో ఒక గంట ఆపి మళ్ళీ వేస్తే, కాసేపు నిండుగా పోసి తగ్గిపోయేది బోరు లోటు. మొదటి నిమిషం నుంచీ సన్నగానే వస్తే అప్పుడు పైపులు లాగించండి.